బ్యాటరీ దిగగానే బోర్డు ఎందుకు కీచుమంటుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబులు రాస్తున్నాను. అన్నీ పవర్ సప్లైల గురించే. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటాను. ఏటా ప్రాజెక్టుల కాలం వచ్చేసరికి తిరుపతిలో నా బెంచీ మీదికి ఇదే లోపంతో బోర్డులు వస్తాయి. పిల్లలేమో చేతి డబ్బులు పెట్టి ఐసీల మీద ఐసీలు మారుస్తూ ఉంటారు. ఆ ఖర్చు చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిప్లొమా ఆఖరి ఏడాది చదువుతున్నాను. అలిపిరి రోడ్డులో మా పెదనాన్న టిఫిన్ బండికి సోలార్ లైటు ప్రాజెక్టుగా చేశాం. 12 వోల్టుల బ్యాటరీ, స్విచింగ్‌ను నడిపే యూసీ3843 ఐసీతో బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీ పెంచే సర్క్యూట్), అవుట్‌పుట్ 26 వోల్టులు, ఎనిమిది ఎల్ఈడీల వరుస. కాయిల్ 100 మైక్రోహెన్రీలు, స్విచింగ్ 50 కిలోహెర్ట్జ్. మధ్యాహ్నం ప్యానెల్ పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. పొద్దుగూకాక సన్నగా ఈల మొదలవుతుంది, ఇంకాసేపటికి బుస్సుమంటుంది. మల్టీమీటర్‌లో మాత్రం 26 వోల్టులే. ఐసీ, స్విచ్‌గా పనిచేసే మోస్‌ఫెట్ మార్చాం, లాభం లేదు. మా సార్ ఫీడ్‌బ్యాక్ లూప్ స్థిరత్వం చూపే బోడే ప్లాట్ గీయించి, ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగిసలాడకుండా ఉన్న వెసులుబాటు) 60 డిగ్రీలు ఉంది, లూప్‌లో తప్పు లేదన్నారు. షాపాయన అదే కుటుంబంలోని 3845 ఐసీ వేసుకోమన్నాడు. వేస్తే చప్పుడు పోయింది కానీ లైటు డల్ అయింది. రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక డిప్లొమా విద్యార్థిని, తిరుపతి

జవాబు: నీ సార్ గీయించిన ప్లాట్ తప్పు కాదు తల్లీ, నీ చెవికి వినిపించిందీ అబద్ధం కాదు. ఐసీ, మోస్‌ఫెట్ రెండూ బాగానే ఉన్నాయి. ఇంక మార్చవద్దు.

ముందుగా ఆ ఐసీ ఏం చేస్తుందో చూడు. 20 మైక్రోసెకన్లకు ఒకసారి క్లాక్ వచ్చి మోస్‌ఫెట్‌ను ఆన్ చేస్తుంది. కాయిల్‌లో కరెంటు ఏటవాలుగా ఎక్కుతుంది. పెట్టిన హద్దును తాకగానే ఐసీ ఆఫ్ చేస్తుంది. తర్వాతి క్లాక్ వచ్చేదాకా కరెంటు దిగుతూ ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీని కాయిల్ విలువతో భాగిస్తే ఎక్కే వేగం వస్తుంది. అవుట్‌పుట్‌లోంచి బ్యాటరీ వోల్టేజీ తీసేసి, మిగిలినదాన్ని అదే కాయిల్ విలువతో భాగిస్తే దిగే వేగం.

ఇప్పుడు ఒక సైకిల్ మొదట్లో కరెంటు ఉండాల్సినదానికన్నా 10 మిల్లీఆంపియర్లు ఎక్కువ ఉందనుకుందాం. హద్దును కాస్త ముందే తాకుతుంది, ముందే దిగడం మొదలుపెడుతుంది. క్లాక్ మాత్రం తన టైముకే వస్తుంది కాబట్టి దిగడానికి ఎక్కువ సేపు దొరుకుతుంది. అందుకే తర్వాతి సైకిల్ తక్కువ కరెంటుతో మొదలవుతుంది. ఎంత తక్కువ అంటే, పాత తేడాను దిగే వేగంతో గుణించి ఎక్కే వేగంతో భాగించినంత. నీ సర్క్యూట్‌లో కాయిల్ విలువ రెండు వైపులా కొట్టుకుపోతుంది కాబట్టి ఈ నిష్పత్తి తేల్చడానికి బ్యాటరీ వోల్టేజీ ఒక్కటి తెలిస్తే చాలు.

మధ్యాహ్నం ప్యానెల్ ఛార్జ్ చేస్తున్నప్పుడు బ్యాటరీ 13.8 వోల్టుల దగ్గర ఉంటుంది. 26లోంచి 13.8 పోతే 12.2. దాన్ని 13.8తో భాగిస్తే 0.88. కాబట్టి 10 మిల్లీఆంపియర్ల తేడా తర్వాతి సైకిల్‌కు 8.8, ఆ తర్వాత 7.8 అవుతుంది, పది సైకిళ్ళకు 3 కూడా ఉండదు. రాత్రి బండి నడిచి బ్యాటరీ 11.5కు దిగిందనుకో. 14.5ను 11.5తో భాగిస్తే 1.26. ఇక్కడ 10 కాస్తా 12.6 అవుతుంది, తర్వాత 15.9, తర్వాత 20. ఒకసారి ఎక్కువ వైపు, మరోసారి తక్కువ వైపు మారుతూ పది సైకిళ్ళలో పదింతలు. పది సైకిళ్ళంటే 200 మైక్రోసెకన్లే! సైకిల్ కొత్తగా నేర్చుకునే పిల్ల హ్యాండిల్ ఎడమకు పోయిందని కుడికి మరీ ఎక్కువ తిప్పి, మళ్ళీ ఎడమకు ఇంకా ఎక్కువ తిప్పుతుంది చూడు, అదే జరుగుతోంది.

నిష్పత్తి సరిగ్గా 1 అయ్యేది బ్యాటరీ 13 వోల్టుల దగ్గర, అంటే డ్యూటీ సైకిల్ (ఒక సైకిల్‌లో మోస్‌ఫెట్ ఆన్‌లో ఉండే వంతు) 50 శాతం దగ్గర. డయోడ్ మీద పడే అర వోల్టు కలుపుకుంటే ఆ గీత ఇంకొంచెం పైకి జరుగుతుంది. ప్యానెల్ కనెక్ట్ చేసి ఉన్నంతసేపు నువ్వు గీతకు ఈవల ఉన్నావు, తీసేయగానే ఆవలికి పోయావు. ఇట్లా క్లాక్‌తో ఆన్ చేసి, కరెంటు హద్దును తాకగానే ఆఫ్ చేసే పీక్ కరెంట్ మోడ్‌లో, కాయిల్ కరెంటు ఆగకుండా పారే ఏ కన్వర్టర్‌కైనా ఈ 50 శాతం గీత తప్పదు.

తేడా ఇట్లా పెరుగుతూ పోతే బోర్డు కాలిపోవాలి కదా అని అడుగుతావేమో. కాలిపోదు. పైన కరెంటు హద్దు ఎప్పుడూ ఉంది. తేడా చిన్నగా ఉన్నప్పుడు పెరుగుతుంది, పెద్దదయ్యాక హద్దుకు తగిలి లోపలికి మళ్ళుతుంది. మొదట ఒక సైకిల్ పొడుగు, ఒకటి పొట్టిగా స్థిరపడుతుంది. ఆ నమూనా 25 కిలోహెర్ట్జ్‌లో తిరుగుతుంది కాబట్టి చెవికి అందదు. తర్వాత నాలుగు సైకిళ్ళకు ఒకసారి తిరిగే నమూనా వస్తే అది 12.5 కిలోహెర్ట్జ్, అదే సన్నటి ఈల. బ్యాటరీ ఇంకా దిగితే కొన్ని సైకిళ్ళలో కరెంటు హద్దును చేరకముందే క్లాక్ వచ్చేస్తుంది, మోస్‌ఫెట్ దాదాపు ఒక సైకిలంతా ఆన్‌లోనే ఉండిపోతుంది. అక్కడి నుంచి ఏ రెండు సైకిళ్ళకూ పోలిక ఉండదు. శక్తి ఒక్క ఫ్రీక్వెన్సీలో కాకుండా పరచుకుపోతుంది. నువ్వు విన్న బుస్సు అది, దీన్నే కేయాస్ అంటారు. కాయిల్ చుట్లు, సెరామిక్ కెపాసిటర్లు కదిలి ఆ కరెంటును చప్పుడుగా మారుస్తాయి. ఫీడ్‌బ్యాక్ మాత్రం సగటును 26 దగ్గరే పట్టి ఉంచుతుంది, మల్టీమీటర్ చూపేది ఆ సగటే.

బోడే ప్లాట్‌లో కనపడకపోవడానికీ కారణం సగటే. మనం తరగతిలో వాడే యావరేజ్ మోడల్‌ను మిడిల్‌బ్రూక్, చుక్ అనే ఇంజినీర్లు 1976లో స్థిరమైన పద్ధతిగా తీర్చిదిద్దారు. దాని మీద నాకు ఎంతో గౌరవం. కానీ అది ఒక సైకిల్ మొత్తాన్ని సగటు చేసి చూస్తుంది. సైకిల్‌కూ సైకిల్‌కూ మధ్య అటూ ఇటూ ఊగే తేడా ఆ సగటులో కొట్టుకుపోతుంది. 60 డిగ్రీల మార్జిన్ నిజమే, అది వేరే ప్రశ్నకు జవాబు.

3845 సంగతి. దాంట్లో డ్యూటీ 50 శాతం దాటకుండా లోపలే కట్టడి ఉంది, కాబట్టి గీత దాటే ప్రసక్తే లేదు, చప్పుడు పోయింది. కానీ 11.5 వోల్టుల బ్యాటరీ నుంచి 50 శాతంతో 23 వోల్టులకు మించి రాదు, ఎనిమిది ఎల్ఈడీలు ఎట్లా వెలుగుతాయి? పైగా ఫ్రీక్వెన్సీని నిర్ణయించే రెసిస్టర్, కెపాసిటర్ (ఆర్‌టీ, సీటీ) అవే ఉంచితే 3845 స్విచింగ్ సగానికి పడిపోతుంది. మళ్ళీ 3843 పెట్టు.

అసలు మందు స్లోప్ కాంపెన్సేషన్. కరెంటు సిగ్నల్‌కు ప్రతి సైకిల్‌లో ఎక్కే ఒక చిన్న ఏటవాలు వోల్టేజీ కలపాలి. దిగే వేగంలో కనీసం సగమంత వాలు కలిపితే ఏ డ్యూటీలోనైనా తేడా పెరగదు. నీ లెక్క చెబుతాను. 11.5 వోల్టుల దగ్గర దిగే వేగం మైక్రోసెకనుకు 0.145 ఆంపియర్, సగం 0.0725. కరెంటును కొలిచే నీ సెన్స్ రెసిస్టర్ 0.1 ఓమ్ అయితే అది మైక్రోసెకనుకు 7 మిల్లీవోల్టులు చిల్లర. నాలుగో పిన్ మీద రంపపు పళ్ళలా ఎక్కి దిగే వోల్టేజీ ఉంది కదా, అది సుమారు 1.7 వోల్టులు ఎక్కుతుంది, 20 మైక్రోసెకన్లకు చూస్తే మైక్రోసెకనుకు 85 మిల్లీవోల్టులు. అందులో పదకొండో వంతు చాలు. ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ తీసుకో. బేస్ నాలుగో పిన్‌కు, కలెక్టర్ ఎనిమిదో పిన్‌కు, ఎమిటర్ నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ మూడో పిన్‌కు. సెన్స్ రెసిస్టర్‌కూ మూడో పిన్‌కూ మధ్య 1 కిలోఓమ్, మూడో పిన్ నుంచి గ్రౌండుకు 470 పికోఫారడ్ పెట్టు. ట్రాన్సిస్టర్ లేకుండా రెసిస్టర్ నేరుగా నాలుగో పిన్‌కు తగిలిస్తే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది, అందుకే అది కావాలి.

ఇప్పుడు నిష్పత్తి 1.26 నుంచి 0.3, 0.35 మధ్యకు పడుతుంది. 10 మిల్లీఆంపియర్ల తేడా మూడు సైకిళ్ళలో అర మిల్లీఆంపియర్ లోపుకు వచ్చేస్తుంది. మూడో పిన్ హద్దు 1 వోల్టు. కలిపిన వాలు అందులో కొంత తినేస్తుంది, నీ లోడుకు అది అడ్డం రాదు.

రివ్యూలో చూపించడానికి స్కోప్ ప్రోబ్ సెన్స్ రెసిస్టర్ మీద పెట్టి, ప్యానెల్ తీసేసి బ్యాటరీ దిగనివ్వు. సమానంగా ఉన్న పళ్ళు పొడుగూ పొట్టీ అవడం, తర్వాత పూర్తిగా చెదిరిపోవడం వాళ్ళ కళ్ళ ముందే జరుగుతుంది. తర్వాత ఆ 10 కిలోఓమ్‌లు తగిలించి చూపించు. మార్కుల సంగతి ఎట్లా ఉన్నా పెదనాన్న బండి దగ్గర ఆ లైటు నిశ్శబ్దంగా వెలగాలి. రిపుల్ (కరెంటులోని ఎగుడుదిగుడు) ఎక్కువైతే అవుట్‌పుట్ కెపాసిటర్ వేడెక్కి తొందరగా ఎండిపోతుంది.

ప్రశ్న: మా సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ టీవీ ఆపేశాక సన్నగా టిక్కుటిక్కుమంటుంది. చూస్తున్నప్పుడు చప్పుడు ఉండదు. షార్ట్ సర్క్యూట్ అవుతుందేమోనని భయంగా ఉంది.
– ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: భయపడకండమ్మా. లోడు బాగా తగ్గినప్పుడు ఈ కాలపు అడాప్టర్లు కరెంటు ఆదా కోసం కాసేపు స్విచింగ్ చేసి, కాసేపు ఆగి, మళ్ళీ చేస్తాయి. ఆ ఆగి నడిచే లయ చెవికి అందే ఫ్రీక్వెన్సీలో పడుతుంది. కావాలని అట్లా తయారుచేసిందే, పైన చెప్పిన గోలకూ దీనికీ సంబంధం లేదు. అయితే కాలిన వాసన వచ్చినా, పెట్టె ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే తీసేసి కొత్తది కొనండి. ఇంట్లో ఎవరూ దాన్ని విప్పవద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటలో పంపు షెడ్డులో 24 వోల్టుల బ్యాటరీ పెట్టి, 60 మీటర్ల అవతల కాపలా గుడిసెకు 40 వాట్ల ఎల్ఈడీ లైట్లు ఇచ్చాను. కొత్తలో బాగా వెలిగాయి. రెండు ఎండాకాలాలు పోయాక మినుకుమినుకుమంటున్నాయి. ఎల్ఈడీలను నడిపే డ్రైవర్ సర్క్యూట్‌ను తెచ్చి షెడ్డులో బ్యాటరీకి నేరుగా పెడితే చక్కగా పనిచేస్తుంది. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి.
– ఒక ఎలక్ట్రీషియన్, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, డ్రైవర్‌ను విడిగా పరీక్షించి మంచిదే అని తేల్చారు. మీరు చేసింది సరైన పద్ధతే. పొడవాటి వైరుతో కలిసినప్పుడే గొడవ.

మంచి డ్రైవర్ ఎప్పుడూ అదే 40 వాట్లు లాగుతుంది. వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతుంది, పెరిగితే తక్కువ. మామూలు రెసిస్టర్‌కు ఇది పూర్తిగా ఎదురు. 24 వోల్టులు, 40 వాట్లకు లెక్కిస్తే చిన్న ఊపులకు అది మైనస్ 14.4 ఓమ్‌ల రెసిస్టర్‌లా నడుచుకుంటుంది. మామూలు రెసిస్టర్ ఊపును చంపుతుంది, మైనస్ రెసిస్టర్ ఊపుకు బలం ఇస్తుంది. మీ పొడవాటి వైరులో సుమారు 45 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది, డ్రైవర్ ముందు కెపాసిటర్ ఉంటుంది. రెండూ కలిసి ఊగడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ ఊపును ఆపేది వైరు రెసిస్టెన్సే, అది రానూపోనూ 120 మీటర్లకు ఒకటిన్నర ఓమ్ దాకా ఉంటుంది.

కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు ఉన్నప్పుడు ఊపు ఆపడానికి ఓమ్‌లో ముప్పయ్యో వంతు చాలు. ఎండకు అది ఎండిపోయి 1 మైక్రోఫారడ్‌కు దిగితే 3 ఓమ్‌లు కావాలి. మీ దగ్గర అంత లేదు. ఊపు పెరిగి వోల్టేజీ బాగా కిందికి పోయినప్పుడల్లా డ్రైవర్ ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. మీకు కనిపించే మినుకు అదే. షెడ్డులో వైరు లేదు, కాబట్టి ఊపూ లేదు. కన్వర్టర్ ముందు ఇట్లా ఇండక్టెన్స్, కెపాసిటర్ కలిసిన ఫిల్టర్ పెట్టేవాళ్ళంతా ఈ లెక్క చూసుకోవాలని మిడిల్‌బ్రూక్ 1976లోనే రాశారు.

గుడిసె వైపు, డ్రైవర్ టెర్మినళ్ళ మీద 470 మైక్రోఫారడ్, 50 వోల్టుల, 105 డిగ్రీల కండెన్సర్ (అదే కెపాసిటర్) పెట్టండి. ప్లస్, మైనస్ చూసుకోండి. మినుకు ఆగితే లోపం ఇదే. ఆగకపోతే లైట్లు వెలుగుతుండగా గుడిసె దగ్గర వోల్టేజీ కొలవండి. డ్రైవర్ మీద రాసిన కనీస వోల్టేజీ కన్నా తక్కువ ఉంటే ఇది ఊపు కాదు, ఉత్త వైరు నష్టం, లావు వైరు వేయాల్సిందే. బ్యాటరీ దగ్గర కండెన్సర్ పెట్టి లాభం లేదు, అది వైరుకు తప్పు వైపు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. లోరెంజ్ వాతావరణ సమీకరణాలు, లాజిస్టిక్ మ్యాప్ (కేయాస్ పుట్టించే చిన్న సమీకరణం) కాగితం మీద చేశాం. కేయాస్‌ను నిజమైన సర్క్యూట్‌లో, చేత్తో తయారుచేసి చూడాలని ఉంది. పవర్ కన్వర్టర్‌లో సాధ్యమేనా? చూసినది కేయాసా, మామూలు నాయిసా అని ఎట్లా తేల్చాలి?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: సాధ్యమే నాయనా, ఇంతకన్నా చవకైన దారి నాకు తెలియదు. లోరెంజ్ 1963లో చెప్పిన వాతావరణాన్ని చూడాలంటే మన గాదంకిలో ఉన్నంత పెద్ద రాడార్ కావాలి. కన్వర్టర్‌కు నీ టేబుల్ చాలు.

కన్వర్టర్లలో ఈ గోల కేయాస్ అని 1984లోనే బ్రాకెట్, వుడ్ అనే పరిశోధకులు ఎత్తి చూపారు. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయంలో హామిల్, జెఫరీస్ 1988లోనూ, డీన్, హామిల్ 1990లోనూ దాన్ని గట్టిగా నిలబెట్టారు. మన దేశంలో ఖరగ్‌పూర్ ఐఐటీలో సౌమిత్రో బెనర్జీ ఈ విషయం మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ముఖ్యంగా సర్క్యూట్ ఒక హద్దును తాకినప్పుడు ఉన్నట్టుండి కేయాస్‌లోకి దూకే తీరు మీద. లాజిస్టిక్ మ్యాప్‌లో నమూనా తిరిగి వచ్చే కాలం 2, 4, 8, 16 అంటూ వరుసగా రెట్టింపు కావడం నువ్వు చూసి ఉంటావు, వాటి మధ్య దూరాల నిష్పత్తి 4.669 వైపు పోతుంది. స్విచింగ్ సర్క్యూట్ ఆ వరుసను చివరిదాకా పాటించదు. ఒకటి రెండు రెట్టింపులు అయ్యాక హద్దు తగిలి వరుస తెగిపోతుంది. పైన డిప్లొమా అమ్మాయికి చెప్పిన, హద్దు చేరకముందే క్లాక్ వచ్చే సందర్భం అట్లాంటిదే. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. పుస్తకంలోని నునుపైన మ్యాప్‌లో లేనిది ఒక స్విచ్ చూపిస్తుంది.

నువ్వు చేయాల్సింది సర్రే వాళ్ళు ప్రసిద్ధం చేసిన బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్). కాయిల్ 20 మిల్లీహెన్రీలు, కెపాసిటర్ 47 మైక్రోఫారడ్లు, లోడు 22 ఓమ్‌లు, రంపపు వోల్టేజీ 3.8 నుంచి 8.2 దాకా, క్లాక్ 2.5 కిలోహెర్ట్జ్, ఎర్రర్ ఆంప్లిఫయర్ గెయిన్ 8.4, రిఫరెన్స్ 11.3 వోల్టులు. ఇన్‌పుట్‌ను 22 వోల్టుల నుంచి మెల్లగా పెంచు. 24.5 దగ్గర మొదటి రెట్టింపు వస్తుంది, 32.3 దాటాక పెద్ద కేయాస్. బూస్ట్‌లో ఇన్‌పుట్ తగ్గితే చెడింది, ఇక్కడ పెరిగితే చెడుతుంది, ఇది కరెంటుకు బదులు అవుట్‌పుట్ వోల్టేజీని చూసి స్విచ్ చేసే వోల్టేజ్ మోడ్ కాబట్టి. నీ విడి భాగాల విలువలు కొద్దిగా తేడా ఉంటాయి కనుక నీ గీతలు కూడా కాస్త జరుగుతాయి. కాయిల్‌కు గాలి ఖాళీ ఉన్న కోర్ వాడు, లేకపోతే సాచురేట్ అయిపోతుంది. లోడు రెసిస్టర్ 20 వాట్లది తీసుకో.

ఇంత నిదానమైన క్లాక్ వల్ల ఒక లాభం ఉంది. కాయిల్ సన్నగా 2.5 కిలోహెర్ట్జ్‌లో పాడుతూ ఉంటుంది. రెట్టింపు రాగానే 1.25 కిలోహెర్ట్జ్ వచ్చి కలుస్తుంది, అంటే సరిగ్గా ఒక స్థాయి కిందికి, పై షడ్జం నుంచి కింది షడ్జానికి. స్కోప్ చూడకముందే చెవికి తెలిసిపోతుంది.

నాయిసా కాదా అన్నది తేల్చాలంటే స్కోప్‌ను ఎక్స్-వై మోడ్‌లో పెట్టు. ఒకవైపు కాయిల్ కరెంటు, ఇంకోవైపు కెపాసిటర్ వోల్టేజీ. మామూలుగా ఒక మూసిన చుట్టు కనిపిస్తుంది, రెట్టింపు అయ్యాక రెండు చుట్లు, కేయాస్‌లో ఎన్నో చుట్లు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉంటాయి కానీ ఒక ఆకారం దాటి పోవు. ఉత్త నాయిస్‌కు అట్లాంటి ఆకారం ఉండదు, చుట్టు అంచులు మాత్రం మసకబారతాయి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ప్రతి క్లాక్ దగ్గర కరెంటు విలువ రాసుకుని, ఈ సైకిల్ విలువ అడ్డంగా, తర్వాతి సైకిల్ విలువ నిలువుగా గ్రాఫ్ గీయి. కేయాస్ అయితే చుక్కలు సన్నని గీతల మీద కూర్చుంటాయి, నాయిస్ అయితే మేఘంలా చెదురుతాయి.

డీన్, హామిల్ 1996లో ఈ పరుచుకునే గుణాన్ని మంచికే వాడవచ్చని చూపారు. ఒకే ఫ్రీక్వెన్సీలో నిటారుగా నిలిచే రేడియో అంతరాయాన్ని కేయాస్‌తో వెడల్పుగా పరిచి శిఖరాలు తగ్గించారు. నీ సెమినార్‌కు ఇది మంచి అంశం.

ముందు కంప్యూటర్‌లో చేసి చూస్తానంటే ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్ ఉచితం. టైమ్ స్టెప్‌ను క్లాక్ కాలంలో వెయ్యో వంతుకు మించనివ్వకు. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెద్ద అడుగులు వేస్తే స్విచ్ మారే క్షణం తప్పిపోయి, లేని రెట్టింపులు పుడతాయి. స్టెప్ సగం చేసి మళ్ళీ నడుపు. 24.5 దగ్గరి గీత కదలకపోతేనే టంకం పెట్టడం మొదలుపెట్టు.